బేగంపేట గుమ్మటం కింద పెరిగిన వైను బప్పు: పాత వెలుగును చదివిన మనిషి

హనుమకొండ: రమజాన్ నెలవంక కోసం 29వ రోజు మగ్రిబ్ వేళకి డాబాల మీదికి ఎక్కడం మన ఇళ్ళల్లో పిల్లలకి కూడా తెలిసిన పనే. చంద్రుడు కనబడగానే ఈద్ ఎప్పుడో తేలిపోతుంది, అందరూ కిందికి దిగిపోతారు. ఆ కాసేపు చూసిన చంద్రరేఖ కూడా నిజానికి ఆ క్షణానిది కాదు. చంద్రుడి మీదనుంచి వెలుగు మన కంటిదాకా రావడానికి సుమారు 1.3 సెకన్లు పడుతుంది. అప్పుడే మునిగిన సూర్యుడి వెలుగైతే ఎనిమిది నిమిషాలకు పైగా పాతది. ఇంకాసేపు అక్కడే నిలబడి చుక్కలు కూడా చూసి దిగితే, చూసినది సంవత్సరాల, శతాబ్దాల కిందటి సంగతి.

వెలుగు సెకనుకి దాదాపు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంత వేగంతో ఒక ఏడాది ప్రయాణిస్తే వచ్చే దూరమే కాంతి సంవత్సరం, అంటే సుమారు 9.46 లక్షల కోట్ల కిలోమీటర్లు. చలికాలం రాత్రి ఓరియన్ అనే చుక్కల గుంపు (అరబ్బులు దీన్ని జౌజా అన్నారు) బాగా పైకి వస్తుంది. అందులో తెల్లగా మెరిసే నక్షత్రం రిజెల్. ఆ పేరు అరబీ మాటే, రిజ్ల్ అంటే కాలు. అది మనకు సుమారు 860 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. హనుమకొండలో కాకతీయ రుద్రదేవుడు వేయి స్తంభాల గుడి కట్టించింది 1163లో. లెక్క వేసుకోండి. ఆ రాళ్ళు చెక్కుతున్న రోజుల్లో ఎప్పుడో రిజెల్ నుంచి బయలుదేరిన వెలుగు ఇప్పుడు భద్రకాళి చెరువు కట్ట మీద నిలబడ్డ మనిషి కంట్లో పడుతోంది. మన పల్లెల్లో పిల్లలకోడి అనే చుక్కల గుత్తి, ఉర్దూలో సురయ్యా, దాదాపు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. దాని వెలుగు ఇంచుమించు చార్మినార్ కట్టిన కాలానిది.

ఈ పాత వెలుగును చదవడమే జీవితంగా పెట్టుకున్న ఒకాయన మన పాత హైదరాబాద్ రాజ్యంలోనే పెరిగాడు. ఆయన పూర్తి పేరు మనాలి కల్లట్ వైను బప్పు. ప్రపంచంలో ఖగోళశాస్త్రం చదివినవాళ్ళకి ఆ పేరు తెలుసు. బేగంపేట మీదుగా రోజూ ఆఫీసులకు పోయేవాళ్ళలో ఎంతమందికి తెలుసో అనుమానమే.

బప్పు కథ మొదలుపెట్టాలంటే ఆయన పుట్టకముందు నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఆయన ఆడుకున్న చోటుని తయారుచేసింది ఇంకొకరు. పాయిగా ఖాందాన్‌కు చెందిన నవాబ్ జఫర్ జంగ్ కి ఆకాశమంటే పిచ్చి. ఆయన ఇంగ్లండ్ నుంచి గ్రబ్ కంపెనీ తయారుచేసిన 15 అంగుళాల టెలిస్కోపు కొని తెప్పించాడు. హైదరాబాద్‌లో ఫిసల్‌బండ దగ్గర తన జాగాలో అబ్జర్వేటరీ పెట్టి, 1901లో ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ అనుమతి తీసుకుని దానికి నిజామియా అనే పేరు పెట్టాడు. కానీ ఆ పెద్ద టెలిస్కోపుతో పని జరగడం చూసే భాగ్యం ఆయనకు దక్కలేదు. 1907లో చనిపోయాడు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం అబ్జర్వేటరీని తన చేతిలోకి తీసుకుంది. తర్వాత అది బేగంపేటకి మారింది. చాట్‌వుడ్, పోకాక్ అనే ఇంగ్లీషువాళ్ళు నడిపారు. 1918 నుంచి టి.పి. భాస్కరన్ అనే భారతీయుడు డైరెక్టర్ అయ్యారు. 1919లో ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది.

ఆ రోజుల్లో అక్కడ జరిగిన పెద్ద పని గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. 1887లో పారిస్‌లో పెద్ద పెద్ద ఖగోళశాస్త్రజ్ఞులు కూర్చుని, ఆకాశం మొత్తాన్ని గాజు పలకల మీద ఫోటోలు తీసి చుక్కల పట్టిక రాయాలని అనుకున్నారు. ఆకాశాన్ని పొలం పంచుకున్నట్టు అడ్డ పట్టీలుగా పంచుకున్నారు. అందులో ఒక భాగం హైదరాబాద్‌కి వచ్చింది. బేగంపేటలో కూర్చున్నవాళ్ళు ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు ఫోటోలు తీసి, పగలు ఆ పలకల మీద ఒక్కొక్క చుక్క ఎక్కడుందో కొలిచి, లక్షల నక్షత్రాల స్థానాలు రాసి పుస్తకాలుగా అచ్చేశారు. కంప్యూటర్ లేదు. కన్ను, చెయ్యి, ఓపిక, అంతే. ఆ లెక్కలు వృథా పోలేదు. వంద ఏళ్ళ తర్వాత ఉపగ్రహాలు కొలిచిన స్థానాలతో ఆ పాత స్థానాలను పోల్చి, ఏ నక్షత్రం ఎటువైపు ఎంత జరిగిందో కనిపెట్టారు. ఆ పోలిక కోసం వాడిన పాత పట్టికల్లో హైదరాబాద్‌ది కూడా ఉంది.

ఈ అబ్జర్వేటరీలో ఉద్యోగం చేయడానికి కేరళలోని తలశ్శేరి వైపు నుంచి వచ్చినాయన మనాలి కుకుళి బప్పు. ఆయన భార్య సునన్న. వాళ్ళకు ఒక్కడే కొడుకు, వైను. 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టాడు గానీ పెరిగిందంతా హైదరాబాదే. నాన్న డ్యూటీ రాత్రిపూట. మిగతా పిల్లలకు నాన్న దుకాణమో, కచేరీయో, పొలమో ఎలాగో, ఈ పిల్లగాడికి టెలిస్కోపు గుమ్మటం అలాగన్నమాట. చిన్నప్పుడే చుక్కలను పేర్లతో గుర్తుపట్టడం, వాటి వెలుగు హెచ్చుతగ్గులను కంటితో అంచనా కట్టడం అలవాటైంది.

కొన్ని నక్షత్రాలు నిలకడగా వెలగవు. కొన్ని నెలలు పెరిగి, కొన్ని నెలలు తగ్గుతాయి. పక్కనున్న నిలకడ చుక్కలతో పోల్చి రాత్రికి రాత్రి వాటి వెలుగు రాసుకుంటూ పోవడం నిజామియాలో ఆనవాయితీ. వైను కూడా అదే పట్టుకున్నాడు. నిజాం కాలేజీలో చదువుతుండగానే 1946లో, ఇంకా ఇరవై ఏళ్ళు నిండకముందే, మారే నక్షత్రాల మీద ఆయన రాసినది శాస్త్ర పత్రికలో అచ్చయింది. తర్వాత భౌతికశాస్త్రంలో ఎం.ఎస్సీ. పూర్తి చేశాడు.

అప్పటికి రాజ్యం పరిస్థితి అందరికీ తెలిసిందే. 1948 సెప్టెంబరులో పోలీస్ చర్య జరిగింది. ఆసఫ్ జాహీల పాలన ముగిసింది. ఎన్నో కుటుంబాలు చెల్లాచెదురయ్యాయి, ఎవరి ఉద్యోగం ఉంటుందో ఎవరిది పోతుందో తెలియని రోజులు. ఆ గందరగోళం మధ్యలోనే, 1949 ఆరంభంలో, హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద వైను బప్పు అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీకి చేరాడు. ఆ ఖజానాలోకి వరంగల్ సుబా రైతు కట్టిన శిస్తు కూడా పోయింది కదా. సుబేదారి కచేరీలో జమ అయిన రూపాయల్లో ఏవో కొన్ని ఒక కుర్రాడి చేతికి టెలిస్కోపు అందించాయంటే అది మంచి ఖర్చే.

హార్వర్డ్‌లో అడుగుపెట్టి కొద్ది నెలలే అయింది. 1949 జులై 2 రాత్రి తీసిన ఫోటో పలకను చూస్తుండగా చుక్కల మధ్య ఉండకూడని మసక ఒకటి కనబడింది. నక్షత్రమైతే గాజు మీద చుక్కలా పడుతుంది. ఇది అలా లేదు. అది కొత్త తోకచుక్క. ప్రొఫెసర్ బార్ట్ బోక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకర్క్ దాన్ని సరిచూసి లెక్కల్లో చేయి కలిపారు. తోకచుక్కకి బప్పు-బోక్-న్యూకర్క్ అని ముగ్గురి పేర్లూ పెట్టారు. పసిఫిక్ ఖగోళ సంఘం ఆ ఏడాది ఆయనకు డోనహో తోకచుక్క పతకం ఇచ్చింది. ఆ తోకచుక్క సూర్యుడిని ఒక చుట్టు చుట్టిరావడానికి సుమారు 60 వేల ఏళ్ళు పడుతుందని లెక్క తేలింది. పోయినసారి అది ఇటు వచ్చినప్పుడు భూమ్మీద ఊరన్నదే లేదు.

తోకచుక్క పేరు తెచ్చింది గానీ బప్పు అసలు గొప్పదనం అది కాదు. తోకచుక్క ఒక రాత్రి అదృష్టం కూడా కావచ్చు. తర్వాత చేసిన పని వేరు.

1952లో పీహెచ్.డీ. అయ్యాక కార్నెగీ ఫెలోషిప్ దొరికింది. అది దొరికిన మొదటి భారతీయుడు ఆయనే. దాంతో కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్, పాలోమార్ అబ్జర్వేటరీలకు వెళ్ళాడు. పాలోమార్‌లో ఉన్న 200 అంగుళాల టెలిస్కోపు అప్పట్లో ప్రపంచంలోనే పెద్దది. అక్కడ ఓలిన్ విల్సన్ అనే శాస్త్రజ్ఞుడితో కలిసి పనిచేశాడు. వాళ్ళిద్దరూ కనిపెట్టినదాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఒక చిక్కు తెలుసుకోవాలి.

నక్షత్రం వెలుగు ఎంత పాతదో చెప్పాలంటే ఆ నక్షత్రం ఎంత దూరంలో ఉందో తెలియాలి. దూరమే కాలం. కానీ దూరం ఎలా తెలుస్తుంది? చీకట్లో రెండు దీపాలు ఒకే తీరుగా మినుకుమంటున్నాయనుకోండి. ఒకటి పక్క గల్లీలో పెట్టిన చిన్న బుడ్డి దీపం కావచ్చు, ఇంకోటి మూడు మైళ్ళ అవతల షాదీ పందిట్లో వేలాడుతున్న పెట్రోమాక్స్ కావచ్చు. కంటికి రెండూ ఒకటే. ఏది బుడ్డి దీపమో ఏది పెట్రోమాక్సో ఎవరైనా చెబితేనే, ఓహో ఇది ఇంత దూరం, అది అంత దూరం అని లెక్క కట్టగలం. దగ్గరి నక్షత్రాలకు వేరే ఉపాయం ఉంది. భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు ఆరు నెలల తేడాతో చూస్తే అవి కొంచెం జరిగినట్టు కనిపిస్తాయి, దాంతో దూరం కొలవచ్చు. దూరంగా ఉన్నవాటికి ఆ జరుగుడు అప్పటి పరికరాలకు అందేది కాదు.

నక్షత్రం వెలుగును పట్టకం గుండా పంపితే ఇంద్రధనుస్సులా రంగులుగా విడిపోతుంది. ఆ రంగుల పట్టీ మీద అక్కడక్కడా నల్లటి గీతలు ఉంటాయి. ఒక్కొక్క మూలకానికి ఒక్కొక్క చోట గీత. ఊదా రంగు వైపు చివర్లో కాల్షియం వల్ల వచ్చే గీతకి కె అని పేరు. కాల్షియం అంటే మన ఎముకల్లో, సున్నంలో ఉండేదే. సూర్యుడి కన్నా చల్లగా ఉండే నక్షత్రాల్లో ఈ నల్లటి గీత నట్టనడుమ ఒక సన్నటి వెలుతురు గీత కనిపిస్తుంది. విల్సన్, బప్పు 185 నక్షత్రాల్లో ఆ వెలుతురు గీత వెడల్పు కొలిచారు. నక్షత్రం స్వతహాగా ఎంత ఎక్కువ వెలిగేదైతే ఆ గీత అంత వెడల్పు. చిన్న నక్షత్రమైతే సన్నటి గీత. మధ్యలో ఎక్కడా తప్పకుండా, చిన్నవాటి నుంచి రాక్షసి నక్షత్రాల దాకా వరుసగా ఇదే లెక్క. అంటే గీత వెడల్పు చూసి అది బుడ్డి దీపమా పెట్రోమాక్సా చెప్పేయొచ్చు. అది తెలిస్తే దూరం తెలుస్తుంది. దూరం తెలిస్తే ఆ వెలుగు ఎన్నేళ్ళ కిందటిదో తెలుస్తుంది. 1957లో ఇది అచ్చయింది. విల్సన్-బప్పు ప్రభావం అని పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది.

ఇక్కడ ఒక మాట. చుక్కలన్నీ ఎప్పుడో చచ్చిపోయాయి, మనం చూసేది వాటి దయ్యాలనే అని వాట్సాప్‌లో తరచూ తిరుగుతుంటుంది. అది తప్పు. ఉత్త కంటికి కనిపించే నక్షత్రాలు దాదాపు అన్నీ కొన్ని వేల కాంతి సంవత్సరాల లోపువే. నక్షత్రాల ఆయుష్షు లక్షల్లో, కోట్లలో, కొన్నిటికి వందల కోట్ల ఏళ్ళలో ఉంటుంది. కాబట్టి మనకు కనబడేవి ఇప్పటికీ దాదాపు అన్నీ అక్కడే ఉన్నాయి. మనకు అందే కబురు మాత్రం పాతది. గల్ఫ్‌లో ఉన్న కొడుకు రాసిన ఉత్తరం నెల తర్వాత చేతికి వచ్చే రోజులు పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటాయి. ఉత్తరం పాతదైనంత మాత్రాన రాసినవాడు లేడని కాదు కదా. ఆర్ద్ర నక్షత్రం లాంటి ముసలి నక్షత్రాలు ఒకటి రెండు మాత్రం పేలిపోయే దశకు దగ్గరగా ఉన్నాయి. అది ఇప్పటికే పేలి ఉంటే ఆ సంగతి మనకు తెలియడానికి కొన్ని వందల ఏళ్ళు పట్టొచ్చు.

మళ్ళీ బప్పు దగ్గరికి. ఆయన ముందు రెండు దారులున్నాయి. అమెరికాలో ఉండిపోతే ప్రపంచంలోనే పెద్ద టెలిస్కోపులు, పేరు, హాయి. ఇండియాకి తిరిగొస్తే ఏముంది? హైదరాబాద్‌లో నవాబు కొన్న పాత గ్రబ్ టెలిస్కోపు, కొడైకెనాల్‌లో ఇంగ్లీషువాళ్ళు 1899లో పెట్టిన సూర్యుడి అబ్జర్వేటరీ. చెప్పుకోదగ్గవి అంతే. నక్షత్రాల వెలుగును గీతలుగా విడదీసి చదవడానికి సరిపడే పెద్ద అద్దం దేశంలో ఒక్కటీ లేదు. ఆయన 1953లో తిరిగొచ్చాడు. వెంటనే ఎర్ర తివాచీ ఏమీ పరచలేదు. తగిన పని దొరకడానికి ఏడాది పైనే పట్టింది.

1954 నవంబరులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కాశీలో కొత్తగా పెట్టిన అబ్జర్వేటరీకి ప్రధాన శాస్త్రజ్ఞుడిగా వెళ్ళాడు. కాశీలో దుమ్ము, పొగ, గంగ మీది తేమ. నక్షత్రాలు చూడటానికి అది చోటు కాదని ఆయన తేల్చేశాడు. 1955లో అబ్జర్వేటరీని నైనిటాల్ కొండలకు మార్చారు. అక్కడ ఉన్నన్నాళ్ళూ పనిముట్లు తెప్పించడం, కుర్రాళ్ళకు నేర్పడం, ఫైళ్ళ వెంట పడటం. ఆయనకి ఓపిక తక్కువేమీ కాదు, చుక్కల వెలుగు రాసుకుంటూ పెరిగినవాడు.

1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీకి డైరెక్టర్ అయ్యేనాటికి ఆయన వయసు 33 దాటలేదు. కొడైకెనాల్‌లో ఇంకో రకం గతం దాచి ఉంది. 1900ల మొదటి దశాబ్దం నుంచి అక్కడ సూర్యుడి ఫోటోలు రోజూ తీసి గాజు పలకల మీద భద్రం చేశారు. వాటిలో అదే కాల్షియం కె గీత వెలుగులో తీసినవి వేలకు వేలు. అమెరికాలో దూరపు నక్షత్రాల్లో ఏ గీతను కొలిచాడో, మనకు ఎనిమిది నిమిషాల దూరంలో ఉన్న నక్షత్రంలో అదే గీత చరిత్ర అర్ధ శతాబ్దంగా ఆయన కోసమే పోగుచేసి పెట్టినట్టు అక్కడ ఉంది. సూర్యుడి మీద ఆ గీత ఎక్కడెక్కడ ఎందుకు మెరుస్తుందో వెతకడం ఆయన, ఆయన శిష్యులు చాలాకాలం కొనసాగించారు.

కానీ కొడైకెనాల్‌లో రాత్రి మబ్బులు ఎక్కువ. నక్షత్రాల కోసం వేరే జాగా కావాలి. దక్షిణాదిలో కొండలు గాలించి, తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరు అనే చిన్న ఊరిని ఎంచుకున్నాడు. తోలు మండీలతో, మదర్సాలతో మనవాళ్ళందరికీ తెలిసిన వాణియంబాడి నుంచి కొండెక్కితే వచ్చేదే ఆ ఊరు. సుమారు 725 మీటర్ల ఎత్తు, చుట్టూ అడవి, పట్నం దీపాలు దూరం. భూమధ్యరేఖకి పన్నెండున్నర డిగ్రీల దూరమే కాబట్టి ఉత్తరాదివాళ్ళకు కనిపించని దక్షిణ ఆకాశం కూడా అక్కడ బాగా కనిపిస్తుంది.

1960ల చివర్లో అక్కడ మొదట నిలబెట్టింది 38 సెంటీమీటర్ల టెలిస్కోపు. సొంత వర్క్‌షాపులో తయారుచేసుకున్నది. 1972లో జర్మనీ జైస్ కంపెనీ నుంచి ఒక మీటరు టెలిస్కోపు వచ్చింది. అది వచ్చిన ఏడాదే, జూన్ 7న, గురుగ్రహం చందమామల్లో పెద్దదైన గనిమీడ్ ఒక నక్షత్రం ముందునుంచి దాటింది. ఆ నక్షత్రం వెలుగు ఆరిపోయిన తీరు చూసి గనిమీడ్‌కి పల్చటి వాతావరణం ఉండొచ్చన్న సూచన పట్టుకున్నారు. 1977 మార్చి 10న యురేనస్ ఇంకో నక్షత్రాన్ని మరుగుపరిచినప్పుడు, ఆ గ్రహం చుట్టూ వలయాలున్నాయని లోకానికి తెలిసింది. అమెరికావాళ్ళు విమానంలో ఎగురుతూ చూసిన ఆ వెలుగు మిణుకులు కావలూరు కొండ మీద కూడా నమోదయ్యాయి. ఇంత చిన్న ఊరి పేరు ప్రపంచ పత్రికల్లో పడింది.

1971లో కొడైకెనాల్, కావలూరు కలిపి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్ అనే స్వతంత్ర సంస్థగా ఏర్పడ్డాయి. తర్వాత దాని కేంద్రం బెంగళూరుకి మారింది. బప్పు దానికి మొదటి డైరెక్టర్.

ఇదే కాలంలో హైదరాబాద్‌లో కూడా పని ఆగలేదని చెప్పాలి. 1944 నుంచి 1960 దాకా నిజామియా డైరెక్టర్‌గా ఉన్న అక్బర్ అలీ గారు ఉస్మానియా కోసం 48 అంగుళాల టెలిస్కోపు తెప్పించాలని పట్టుబట్టారు. అది ఆయన పదవీకాలం అయిపోయాక, 1968లో, హైదరాబాద్ శివార్లలో జపాల్-రంగాపూర్ దగ్గర నిలబడింది. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం నీడ రంగాపూర్ మీదుగానే పోయింది. ఆ రోజు భయంతో తలుపులు వేసుకుని ఇళ్ళల్లో కూర్చున్నవాళ్ళు చాలామంది. శాస్త్రజ్ఞులేమో పెట్టెలు మోసుకుని నీడ కిందికి పరుగెత్తారు. బప్పు సంస్థ వాళ్ళు కర్ణాటక వైపు శిబిరాలు వేశారు.

బప్పు మనసులో ఉన్నది మాత్రం ఇంకా పెద్దది. 2.34 మీటర్ల అద్దంతో, అంటే సుమారు 92 అంగుళాలతో, ఒక టెలిస్కోపు. అదీ బయట కొనకుండా ఇక్కడే తయారుచేయాలని. పెద్ద అద్దం ఎందుకంటే, టెలిస్కోపు పని దగ్గరగా చూపించడం అని మనం అనుకుంటాం గానీ అసలు పని వెలుగును పోగుచేయడం. వాన నీళ్ళకి చెంబు పెట్టడానికీ గంగాళం పెట్టడానికీ ఉన్న తేడా. ఎంత దూరపు వెలుగు అయితే అంత మసక, అంత పాతది. గంగాళం పెద్దదైతే తప్ప ఆ పాత చుక్కలు పట్టుబడవు. కంటికి అందే అతి దూరపు మసక ఆండ్రోమెడా నక్షత్ర మండలం. దాన్ని 964లో ఇస్ఫహాన్‌లో తన నక్షత్రాల పుస్తకంలో చిన్న మబ్బులా ఉందని నమోదు చేసినాయన అబ్దుర్రహ్మాన్ అల్-సూఫీ. ఆ వెలుగు సుమారు 25 లక్షల ఏళ్ళ కిందటిది. అంతకంటే వెనక్కి పోవాలంటే అద్దం కావాల్సిందే.

కొనేస్తే నాలుగైదేళ్ళలో పని అయిపోయేది. దేశంలోనే చేయాలంటే అద్దం అరగదీసే యంత్రం నుంచి మనమే తయారుచేసుకోవాలి. ఆ అద్దం నునుపు వెలుగు తరంగంలో చిన్న భాగం మేరకైనా తప్పకూడదు. వెంట్రుక మందం కూడా అక్కడ కొండంత. బెంగళూరులో సంస్థ సొంత ప్రయోగశాలలో ఆ అద్దాన్ని ఏళ్ళ తరబడి అరగదీశారు. టెలిస్కోపును మోసే భారీ ఇనుప నిర్మాణాన్ని మహారాష్ట్రలోని వాల్‌చంద్‌నగర్ కంపెనీ చేసింది. చక్కెర మిల్లుల యంత్రాలు చేసే చోట నక్షత్రాల యంత్రం. ఆలస్యం మీద ఆలస్యం అయింది. అయినా బప్పు బెట్టు సడలలేదు. ఈ పట్టుదల వల్ల దేశం కొన్నేళ్ళ పరిశోధన పోగొట్టుకుందని అనుకునేవాళ్ళు ఉండొచ్చు. కానీ ఆ పనిలో చేతులు పెట్టిన మనుషులు తయారయ్యారు. ఆ నేర్పు డబ్బు పెట్టి కొంటే వచ్చేది కాదు.

ఇంతలో గౌరవాలు వచ్చాయి. 1970లో భట్నాగర్ పురస్కారం, 1981లో పద్మభూషణ్. 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘానికి అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు. బేగంపేటలో నాన్న వెంట గుమ్మటం ఎక్కిన పిల్లగాడు ప్రపంచంలోని నక్షత్ర శాస్త్రజ్ఞులందరికీ పెద్ద అయ్యాడు.

1982 ఆగస్టులో గ్రీసులోని పాత్రాస్ నగరంలో ఆ సంఘం మహాసభ. అధ్యక్షుడిగా బప్పు అక్కడ ఉండాలి. కానీ గుండె జబ్బు ముంచుకొచ్చింది. జర్మనీలోని మ్యూనిక్‌లో గుండె ఆపరేషన్ జరిగింది. ఆయన కోలుకోలేదు. పాత్రాస్‌లో సభలు జరుగుతుండగానే, ఆగస్టు 19న, మ్యూనిక్‌లో కన్నుమూశాడు. తొమ్మిది రోజుల కిందటే 55 ఏళ్ళు నిండాయి. అప్పటికి కావలూరులో ఆయన కలగన్న టెలిస్కోపు ఇంకా పూర్తి కాలేదు.

ఆయన తయారుచేసిన మనుషులే ఆ పని పూర్తి చేశారు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరు వచ్చి టెలిస్కోపుకీ, ఆ అబ్జర్వేటరీకీ వైను బప్పు పేరు పెట్టారు. 1988 ఫిబ్రవరిలో అదే కొండ మీద ఇంకో టెలిస్కోపుతో కొత్త చిన్న గ్రహం ఒకటి దొరికింది, దానికి గణిత మేధావి రామానుజన్ పేరు పెట్టారు. 2596 నంబరు చిన్న గ్రహానికి బప్పు పేరే ఉంది. ఇప్పుడు అంతరిక్షంలో తిరిగే జేమ్స్ వెబ్ టెలిస్కోపు 1,300 కోట్ల ఏళ్ళకు పైగా పాతదైన వెలుగును పట్టుకుంటోంది. దాని ముందు కావలూరు అద్దం చిన్నదే. అయినా ఇప్పటికీ మబ్బులేని రాత్రి ఆ గుమ్మటం తెరుచుకుంటుంది.

ఇక బేగంపేట సంగతి. జాగాని ఇప్పటికీ నిజామియా అబ్జర్వేటరీ క్యాంపస్ అనే పిలుస్తారు. అక్కడ ఆర్థిక, సామాజిక అధ్యయనాల సంస్థ ఒకటి నడుస్తోంది. పాత గుమ్మటాలు చెట్ల మధ్య ఇంకా నిలబడే ఉన్నాయి. చుట్టూ ఫ్లైఓవర్లు, ఆసుపత్రులు, రాత్రంతా ఆరని దీపాలు. ఆ వెలుతురులో పిల్లలకోడి పిల్లల్ని లెక్కపెట్టడం కష్టం. వరంగల్‌లో ఇంకా అంత దాకా రాలేదు. కాజీపేట దాటి ఊళ్ళ వైపు నాలుగు మైళ్ళు పోతే చాలు, చలికాలం రాత్రి జౌజా కాలు దగ్గర రిజెల్, దానికి పైన ఎర్రగా రోహిణి కనిపిస్తాయి. రోహిణి దూరం దాదాపు 65 కాంతి సంవత్సరాలు. ఇప్పుడు చూస్తున్నది, ఇంచుమించు బప్పు నైనిటాల్ వదిలి కొడైకెనాల్ కొండ ఎక్కిన ఏడు అక్కడినుంచి బయలుదేరిన వెలుగు.